నీళ్ళు తాగని తూము కొయ్య

చెరువులోంచి పైకొచ్చిన ఏలీయా కట్ట రాళ్ళ మీద చేతులు ఆన్చి కాసేపు అలాగే వంగి నిలబడ్డాడు. పుష్యమాసపు పొద్దు అప్పుడే చెరువు పక్కనున్న ఎర్రబండ మీద పడుతోంది. గడ్డం నుంచి, మోచేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. పళ్ళు టకటకమంటున్నాయి. అయినా ఆయన ముందు చూసింది కట్టకు దిగువన ఉన్న తూము నోటివైపే. ఇందాక ముంజేయంత లావున వృథాగా కారిపోతున్న నీరు ఇప్పుడు చిటికెనవేలంత అయింది. గడ్డీ బంకమట్టీ కలిపి లోపల కుక్కిన ముద్ద పట్టినట్టే. మహా అయితే వారం ఆగుతుంది. ఆ తర్వాత మళ్ళీ దిగాలి.

చెన్నపట్నం దొరల ఏలుబడిలో, రాచర్లకు పడమటగా ఉన్న ఎర్రబండ చెరువుకు ఏలీయా నీరుగంటి. అంటే చెరువు నీళ్ళకు కావలి. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో, ఎవరి మడికి ఎంతసేపు పారాలో ఆయన చేతిలో పని. ఎవరికి పడితే వాళ్ళకు దక్కే పని కాదు. తండ్రి నిత్యానందం తర్వాత ఆయనకు వచ్చింది. ఆ చెరువు కింద వరి తిన్న ప్రతి ఇంటికీ ఆయన ఘనకార్యాలు కంఠతా వచ్చు. మిషను బడిలో రెండో తరగతి చదివి, గూడెం ప్రార్థనాలయంలో పాదిరి రాని ఆదివారాల్లో వాక్యం చదివినవాడు. తుపాను ఏడాది కట్ట తెగబోతుంటే ముళ్ళకంపా తాటిమట్టలూ వేసి, అవీ చాలక తన ఇంటి తలుపు పీకి తెచ్చి అడ్డం పెట్టి, తెల్లవార్లూ దానికి వీపు ఆనించి నిలబడి ఊరిని కాపాడినవాడు. చెరువులో మొసలి ఉందని జనం నీళ్ళకు పోవడం మానేస్తే, దిగి చూసి, అది కొట్టుకొచ్చిన చెట్టు మొద్దని తేల్చినవాడు. కరువు ఏడాది అడుగంటిన నీళ్ళను కొట్లాట లేకుండా మడిమడికీ పంచినవాడు. ఇవన్నీ ఊరందరికీ ఎలా తెలుసంటే, ఏలీయాయే చెప్పేవాడు. ఒకటికి నాలుగుసార్లు చెప్పేవాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య దీనమ్మ కందికంప మంట వేసి ఉంచింది.

"రా, కూచో. నీ పెదాలు చూడు, నేరేడుపండ్లు తిన్నట్టుండాయి."

"తుపాను ఏడాది ఇంతకన్నా చలి మే. అప్పుడు కట్ట తెగబోతే..."

"మన తలుపు పీక్కుపోయినావు. తెలుసులే. పోయిన తలుపు పోయినట్టే ఉంది. ఇప్పటికీ మనకు తడికే."

ఏలీయా మంట పక్కన కూర్చున్నాడు. మంటకు అరచేతులు చాచాడు. వేళ్ళ కొసలు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. మునుపు ఒక్క ఊపిరికి దిగి, కుక్కాల్సింది కుక్కి, పైకొచ్చేవాడు. ఇప్పుడు నాలుగుసార్లు మునిగి తేలాల్సి వస్తోంది. చెవుల్లో హోరు రోజంతా పోదు. మోకాళ్ళు మంట దగ్గర కూడా వేడెక్కవు.

"మే, వచ్చే ఏడు నేను నీళ్ళలో దిగను."

"పోయిన ఏడూ అదే అన్నావు."

"ఈసారి నిజంగా అంటుండా."

తూము ఎత్తడానికి, దించడానికి దిగే పనే లేదు. కట్ట నుంచి తూము స్తంభాల దాకా రాతిబండ పరిచి ఉంది. దాని మీద నడిచిపోయి నిలువుగా ఉన్న పొడుగాటి వాసాన్ని ఎత్తితే, దాని కొసన ఉన్న కొయ్య నీటి అడుగున రాతి బెజ్జంలోంచి లేస్తుంది. దించితే బెజ్జం మూసుకుంటుంది. మనిషి తలకాయంత కొయ్య, కింద సన్నం, పైన లావు. చిక్కంతా ఆ కొయ్యతోనే. నల్లమద్ది చేవతో చెక్కించి, పురుగు పట్టకుండా నల్లజీడి నూనె పట్టించడం ఆ ఊరి ఆనవాయితీ. ఆ నూనెకు చెదలు దగ్గరికి రావు, నీటిపురుగు తొలవదు. అంతవరకు బాగానే ఉంది. కానీ నీటిని అది ఆపలేదు. వానలకు చెరువు నిండితే కొయ్య నీళ్ళు తాగి ఉబ్బుతుంది, బెజ్జంలో బిగుసుకుంటుంది, పెరికితే అంచు చిట్లుతుంది. చెరువు తగ్గాక ఎండకు ఎండి పగులుతుంది. సరిగ్గా వరి చివరి తడికి వచ్చే వేళకు పగుళ్ళలోంచి నీళ్ళు పోతుంటాయి. ఏలీయా దిగుతుంటాడు.

ఆ మాఘంలో శివరాత్రికి ఊరి పెద్దింటి రంగనాయకమ్మ బండి కట్టించుకొని శ్రీశైలం పోయింది. ఆ చెరువు తవ్వించింది ఆమె అత్తింటి తాతలు. దోర్నాల దాకా బండి తోలి, వాళ్ళు కొండెక్కి దిగి వచ్చేదాకా ఎద్దులకు కాపలా ఉన్నవాడు ఏలీయా. అక్కడ ఒక చెంచు ఆమె వెదురుబుట్టలో నీళ్ళు తెస్తూ కనిపించింది. కుండ కాదు, బుట్ట. ఒక్క చుక్క కారడం లేదు.

"ఏందమ్మా, బుట్టలో నీళ్ళు నిలబడతాయా?"

"నిలబడితేనే కదా తెస్తుండేది. తేనెమైనం, గుగ్గిలం కాచి పూసినాం. కనబడలేదా, ముసలోడా?"

ఏలీయా ఆ బుట్టను తిప్పి తిప్పి చూశాడు. తన దారి బత్తెం జొన్నలు ఇచ్చి మైనపు ముద్దలు, గుగ్గిలం గడ్డలు తీసుకున్నాడు. తిరుగు దారంతా ఆకలితో బండి తోలాడు. కానీ ఆయన ఆ వారం రోజులూ కునికిపాట్లు పడకుండా బండి తోలాడని రంగనాయకమ్మే తర్వాత ఆశ్చర్యంగా చెప్పింది.

ఇంట్లో రెండు మద్ది పేళ్ళకు జీడినూనె పట్టించి, ఒకదానికి పైన మైనం, గుగ్గిలం కాచి పూసి, రెండూ నీళ్ళ కుండలో వేశాడు. మైనం లేని పేడు నాలుగు రోజులకే బరువెక్కి మునిగింది. మైనం పూసింది అలాగే తేలుతూ ఉంది. దీనమ్మ ఆ కుండలో నీళ్ళు ముంచుకోబోయినప్పుడల్లా కసురుకున్నాడు.

ఇక రోహిణి కార్తె వచ్చింది. చెరువు అడుగు కనబడే ఆ రోజుల్లోనే కొత్త కొయ్య వేస్తారు. వడ్రంగి బ్రహ్మయ్యకు ఏలీయా మరీ మరీ చెప్పాడు.

"ఆచారీ, బెజ్జానికి సరిపోయేట్టు వద్దు. ఇంత సన్నంగా చెక్కు. పైన మైనం మందం ఉంటాది."

"నువ్వు చెప్పినావని చెక్కుతుండా. రేపు వదులైతే నా పేరు చెప్పొద్దు."

"ఎర్రబండ చెరువు మీద నా మాట ఎప్పుడన్నా తప్పినాదా?"

చెక్కిన కొయ్యను నీళ్ళకు చూపించడం అక్కడి పద్ధతి. జీడినూనె పట్టించాక ఒక రాత్రంతా దాన్ని చెరువు అడుగున మిగిలిన మడుగులో పడుకోబెడతారు. తెల్లారి రంగనాయకమ్మ పసుపుకుంకాలు పెట్టి, గంగమ్మకు అప్పజెప్పి ఇస్తుంది. అప్పుడే అది తూముకు పనికొస్తుంది. ఏలీయా గుడి మొక్కులకు పోయే మనిషి కాడు. అయినా ఆ పద్ధతికి ఎన్నడూ అడ్డు చెప్పలేదు. తండ్రి చెప్పలేదు, తనూ చెప్పలేదు. ఆ ఏడు కూడా అంతా అయ్యాక కొయ్యను తెచ్చుకుని మధ్యాహ్నం దాకా ఎండలో పెట్టాడు. చేత్తో తడిమితే పొడిగానే తగిలింది. సలసలా కాగిన మైనం గుగ్గిలం పోశాడు. బుసబుస పొంగింది. పొంగిన చోటల్లా ఇంకో పూత వేశాడు. ఆరాక కొయ్య అద్దంలా మెరిసింది. చూడటానికి ఊరు ఊరంతా వచ్చింది.

"ఈ ఏడు చెరువు నిండనీ," అన్నాడు ఏలీయా ఛాతీ విరిచి. "నా పంచె తడిస్తే అడగండి."

చెరువు నిండింది. మార్గశిరం సగంలోనే తూము నోరు కారడం మొదలైంది. ఎప్పటికన్నా ముందు, ఎప్పటికన్నా ఎక్కువగా. రంగనాయకమ్మ కొడుకు మాలకొండయ్య కట్ట మీద నిలబడి, నీళ్ళలోంచి తేలిన తలను చూసి అన్నాడు:

"ఏం తాతా, పంచె తడిసిందా?"

కట్ట మీది జనం పకపకా నవ్వారు. ఏలీయా ఊపిరి పీల్చుకుని మళ్ళీ మునిగాడు. అడుగున చేయి పెడితే కొయ్యకూ రాతికీ నడుమ వేలు పట్టేంత సందు. గడ్డి కుక్కుతుంటే నీటి లాగుడుకు అది చేతిలోంచే జారి తూములోకి పోతోంది. ఆ చలికాలం ఆయన ఎన్నిసార్లు దిగాడో దీనమ్మ లెక్క పెట్టడం మానేసింది. ఎంత దిగినా చివరి తడి అందలేదు. చెరువుకు దూరపు మడుల్లో వెన్నులు తాలుపోయాయి. అందులో ఎక్కువ రంగనాయకమ్మవే. ఆమె ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే ఏలీయాకు ఎక్కువ బరువైంది. ఆ ఏడు ఆయన తన ఘనకార్యాలు ఎవరికీ చెప్పలేదు. ప్రార్థనాలయంలో వాక్యం చదువుతూ నడుమ దగ్గొచ్చి కూర్చుండిపోయాడు.

ఎండలకు చెరువు తగ్గాక కొయ్యను పైకి తీశారు. బ్రహ్మయ్య ఇంటి ముందు వేప నీడలో దాన్ని నిలబెట్టి ఏలీయా గోటితో గీకాడు. మైనం పెచ్చు పెచ్చుగా ఊడి వచ్చింది, కాచిన పాల మీద మీగడ ఎత్తినట్టు. లోపలివైపు నీటి చెమ్మ. కొయ్యకు మైనం అంటనే లేదు. దాని మీద ఊరికే కూర్చుంది.

"నీ కుండలో పేడుకు పట్టింది కదా?" అన్నాడు బ్రహ్మయ్య. "దీనికి ఎందుకు పట్టలేదు?"

ఏలీయా ఊడిన పెచ్చును ఏరాడు. దాన్ని అరచేతిలో వేసుకుని తిప్పి చూశాడు. బుసబుస పొంగింది గుర్తొచ్చింది. అప్పుడు మైనం ఉడుకుతోందనుకున్నాడు. ఉడికింది మైనం కాదు. కొయ్యలోని నీరు ఆవిరై మైనాన్ని పైకి తోసింది. కుండలో వేసిన పేడు పూతకు ముందు నీళ్ళు చూడలేదు. ఈ కొయ్య రాత్రంతా మడుగులో పడుకుంది. పైన పొడి, లోపల తడి. అది ముందే కడుపునిండా నీళ్ళు తాగి ఉంటే మైనానికి చోటేది? పెచ్చులూడాక మిగిలింది, మైనం మందం కోసం తానే సన్నంగా చెక్కించిన వదులు కొయ్య.

"ఆచారీ," అన్నాడు చివరికి, "తప్పు నీది కాదు."

"నాది కాదని నేనప్పుడే చెప్పినా గదా."

పక్క రోజు పెద్దింటి ముందు నిలబడ్డాడు. రంగనాయకమ్మ అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది.

"అమ్మా, ఈ ఏడు కొయ్యను నీళ్ళకు చూపించేది పూత అయినాక చేస్తామా?"

చేట ఆగింది. "ఏందిరా నువ్వనేది? మైనం కప్పుకోని, మొగం మూసుకోని పోతే గంగమ్మకు ఎట్ల తెలుస్తాది, ఎవురొచ్చిందో? మా అత్త చూపించింది, వాళ్ళత్త చూపించింది. నా చేతుల మీద మారాల్నా?"

"మాకూ నీళ్ళలో ముంచేది ఉంది తల్లీ, బాప్తిస్మం. గుండ్లకమ్మలో ముంచుతారు. కానీ ముంచకముందే లోపలంతా సిద్ధపడాల. ముంచినాక సిద్ధపడతానంటే పాదిరి ఒప్పుకోడు."

"మా గంగమ్మకు మీ పాదిరి పద్ధతులు చెప్తావా, ఏలీయాగా!" అంది ఆమె. కోపంగానే అంది కానీ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పెచ్చు చూడమ్మా." తెచ్చిన మైనపు పెచ్చును అరుగు అంచున పెట్టి దూరం జరిగాడు. "నీళ్ళు తాగినాక దానికి ఇంకేం పట్టదు. ఇన్నేళ్ళ నుంచి మనం దానికి ముందు నీళ్ళు పోసి, తర్వాత నీళ్ళు తాగొద్దంటుండాం. నేను ముసలోణ్ణి అయినా. ఇంకో చలికాలం దిగితే పైకి రానేమో. నా కోసం కాదులే, నీ మడి కోసమన్నా."

ఆమె పెచ్చును వేలితో విరిచింది. లోపలి చెమ్మ మరక చూసింది. వీధి చివర ఖాళీగా ఉన్న తమ గాదె వైపు చూసింది.

"నీ కోసమే అని చెప్పరాదా," అంది. "నేనూ అలిసిపోయినా లేరా. తాలు ఎత్తి ఎత్తి చేతులు నొచ్చినాయి. పూత పెట్టుకో. కానీ చూపించేది చూపించాల్సిందే. గంగమ్మ కాదంటే మాత్రం, ఆ కొయ్య నువ్వే నెత్తిన పెట్టుకోని పో. మళ్ళీ తూము వైపు రావద్దు."

ఏలీయా సరేనని తలూపాడు.

ఈసారి కొయ్యను బెజ్జానికి సరిగ్గా చెక్కించాడు. జీడినూనె పట్టించి, చెరువు పక్కనున్న ఎర్రబండ మీద ఎండకు పడేశాడు. బండ కాలి కాళ్ళు పెట్టలేనంత ఎండ. కొయ్య చెమట పట్టినట్టు నూనె కక్కింది. కక్కిన నూనెను బూడిదతో తుడిచాడు. మళ్ళీ కక్కింది, మళ్ళీ తుడిచాడు. ఆ జీడి సెగకు ముంజేతుల మీద బొబ్బలు లేచాయి. దీనమ్మ కొబ్బరినూనె రాస్తూ తిట్టింది. కొయ్యను చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొడితే కంగుమనేదాకా అలాగే ఉంచాడు. ఒకరోజు మబ్బు పడితే దాన్ని ఇంట్లోకి తెచ్చి తన మంచం మీద పెట్టి తను కింద పడుకున్నాడు.

చివరికి పిడకల నిప్పుల మీద తిప్పుతూ వెచ్చబెట్టి, కాగిన మైనం గుగ్గిలం పోశాడు. ఈసారి పొంగలేదు. పోసింది పోసినట్టు కొయ్యలోకి ఇంకిపోయింది.

"తాగుతుండాది మే," అన్నాడు గుసగుసగా, బిడ్డ పాలు తాగుతున్నట్టు. "చూడు, తాగుతుండాది."

పూత మీద పూత పడింది. నిలువు నార అడ్డంగా తెగిన కింది మొన దగ్గర ఎక్కువ తాగింది. దోర్నాల నుంచి తెచ్చిన మైనంలో మిగిలిందంతా అక్కడే పోయింది. మెరుపు లేదు. నల్లగా, మందంగా, చూడటానికి ఏమీ బాగాలేదు. చూడటానికి ఎవరూ రాలేదు కూడా.

గంగమ్మకు చూపించే ఉదయం మాత్రం మడుగు దగ్గర అందరూ గుమిగూడారు. రంగనాయకమ్మ బొట్టు పెడితే కుంకుమ అంటక రాలింది. చెంబుతో నీళ్ళు పోసింది. నీళ్ళు చేమాకు మీద పడ్డట్టు బొట్లు బొట్లుగా దొర్లి కిందికి జారిపోయాయి. కొయ్య పొడిగా ఉండిపోయింది. జనం గుసగుసలు పోయారు. ఆమె మొహం పాలిపోయింది.

"ఏలీయా... నీళ్ళు తీసుకోలేదురా."

"తీసుకోకూడదనే కదమ్మా ఇంత అవస్థ," అన్నాడు ఏలీయా. "అది తీసుకుంటే నేను మునగాల."

ఆమె చెంబును కింద పెట్టింది. వెనక నుంచి ఎవరో దగ్గారు. ఆమె కొయ్యను రెండు చేతులా ఎత్తి, మడుగులో ఒకసారి ముంచి, బయటికి తీసి, ఏలీయా ముందు నేల మీద పెట్టింది. "తూముకు పెట్టుకో పో," అంది. అంతే.

వానలు ఆలస్యంగా వచ్చాయి, కానీ వచ్చాయి. చెరువు నిండింది. తూము ఎత్తిన ప్రతిసారీ కొయ్య బిగుసుకోకుండా మెత్తగా లేచింది. దించితే మెత్తగా కూర్చుంది. మార్గశిరం గడిచింది. ఏలీయా రోజూ తెల్లారగానే కట్ట దిగి తూము నోట్లో చెవి పెట్టి వినేవాడు. ఏమీ వినబడేది కాదు. వినబడకపోయినా మళ్ళీ మధ్యాహ్నం వచ్చేవాడు.

"ఏం తాతా, ఈ ఏడు స్నానం కూడా మానేసినావా?" అన్నాడు ఒకరోజు మాలకొండయ్య. "తడవని నీరుగంటికి మాన్యం పొలం ఎందుకంట?"

"తుపాను ఏడాది నువ్వు ఉయ్యాల్లో ఉండావు నాయనా. మీ నాయన్ని అడుగు, చెప్తాడు," అన్నాడు ఏలీయా. మిగతా కథ కూడా చెప్పబోయాడు, ఎందుకో ఆగిపోయాడు. కట్ట మీద కూర్చున్నాడు. కూర్చుంటే లేవబుద్ధి కాలేదు.

పుష్యమాసంలో చివరి తడి దూరపు మడుల దాకా పారింది. వెన్నులు వంగాయి. తడి అయ్యాక తూము దించి, మరుసటి పొద్దున్నే ఆయన కట్ట దిగి వచ్చాడు. తూము నోట్లో చేయి పెట్టాడు. రాయి పొడిగా తగిలింది. గండుచీమలు వరుస కట్టి రాతి మీద నడుస్తున్నాయి. చేయి బయటికి తీస్తే అరచేతికి మట్టి అంటింది. ఆయన ఆ మట్టిని దులపలేదు. ఆ చేతిని అలాగే ముందుకు పెట్టుకుని ఇంటికి నడిచాడు.

దీనమ్మ అలవాటు కొద్దీ కంప మంట వేసి ఉంది. ఆయన్ని కిందా మీదా చూసింది. పంచె పొడిగా ఉంది. జుట్టు పొడిగా ఉంది.

"తడవని మనిషికి మంట ఎందుకులే," అంటూ కంపను పక్కకు లాగబోయింది.

"ఉండనీ మే," అన్నాడు ఏలీయా. తడికెకు వీపు ఆనించి మంట ముందు కూలబడ్డాడు. "పోయిన చలికాలాలన్నీ ఇంకా ఒంట్లోనే ఉండాయి. ఆరనీ."

దీనమ్మ కంపను మళ్ళీ మంటలోకి తోసింది. ఆమె సంగటి తెచ్చేసరికి ఆయన నిద్రపోతున్నాడు. ఒళ్ళో తెరిచి ఉన్న అరచేతిలో తూము నోటి మట్టి అలాగే ఉంది.